సుగుణ చూసిన పెనాంగ్

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వే. చీరాల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలెవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించేదాన్ని. ఇప్పుడైనా దయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఒక్కసారైనా ఎక్కడో చెప్పుకోవాలనిపించింది.

సుగుణ మా స్కూల్లోనే తెలుగు టీచరు. ఇద్దరం ఒకే ఏడాది చేరాం, ఒకే ఏడాది దిగిపోయాం. భర్త పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. పెద్దమ్మాయి హైదరాబాదులో ఉంటుంది. చిన్నమ్మాయి కెజియా తల్లి దగ్గరే.

ఓడ ప్రయాణం ఆలోచన సుగుణదే. సింగపూర్‌లో ఎక్కితే పెనాంగ్‌లో ఒక పగలు, ఫుకెట్‌లో ఒక పగలు ఆగి, తిరిగి సింగపూర్‌లో దింపుతారు. ఆగిన చోట ఉదయం దిగి సాయంత్రానికల్లా ఓడలో ఉండాలి. ఆ కాసిని గంటల్లో ఏమేం చూడాలన్నదే మా ఇద్దరి చర్చ.

ప్రతి ఆదివారం తను చర్చి నుంచి రాగానే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. కెజియా ఫోన్‌లో ఫొటోలు చూపించేది. సుగుణ ఒక్కో చోటూ ఖాయం చేసేది, కొన్ని కొట్టేసేది. "అన్ని మెట్లు నీ మోకాళ్ళతో ఎక్కలేవే, తీసెయ్" అనేది. పెనాంగ్‌లో కొండ మీది బౌద్ధ ఆలయం, ఫుకెట్‌లో సముద్రం కనబడే ఎత్తైన గుట్ట తనకు మరీ ఇష్టం. వాడరేవులో పుట్టి పెరిగిన మనిషివి, సముద్రం కోసం అంత దూరం దేనికే అంటే, "ఇవతలి ఒడ్డు చూస్తూనే ఉన్నాంగా, అవతలిది చూడొద్దా?" అంది.

బయలుదేరడానికి రెండు నెలల ముందు తనకు కడుపునొప్పి మొదలైంది. గుంటూరులో పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. బాగా ముదిరిందన్నారు. నేనూ మానేస్తానన్నాను. ఆసుపత్రి మంచం మీద నుంచే కసిరింది.

"నువ్వు వెళ్ళవే రమా. నేను లేస్తే ఇంకోసారి పోదాం. రోజూ ఫోన్ చేసి ఏం చూశావో చెప్పు, అదే చాలు."

చెప్తానని మాటిచ్చాను. ఆ రోజు బస్సులో చీరాల తిరిగొస్తుంటే దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీ మూసుకుని ఏడ్చాను. పక్కనున్నావిడ ఘాటుకనుకుంది.

చీరాల, అద్దంకి వాళ్ళం పన్నెండు మందిమి బయలుదేరాం. సింగపూర్‌లో ఉన్న రెండు రోజులూ సుగుణకు ఫోన్ చేశాను. ఊఁ కొడుతూ వింది. రెండో రోజు ఊఁ కొట్టడానికి కూడా ఆయాసపడింది.

పెనాంగ్‌లో దిగేసరికి వాన పట్టుకుంది. కొండ మీది గుడికి వెళ్ళలేమని డ్రైవరు మమ్మల్ని రేవు పక్కన నీళ్ళ మీద కట్టిన చెక్క ఇళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. అది మా జాబితాలో లేదు. తడిసిన చెక్కల మీద నడుస్తుంటే నా ఎడమ చెప్పు తెగింది. ఒక ఇంటి గుమ్మంలో కూర్చున్న చైనా ముసలావిడ లోపలికెళ్ళి రబ్బరు చెప్పులు తెచ్చి ఇచ్చింది. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. నవ్వొచ్చి నా కాళ్ళు నేనే ఫొటో తీసుకున్నాను.

అక్కడే ఒక టీ కొట్టులో వైఫై దొరికింది. ఫోన్ తెర మీద కెజియా మెసేజ్ కనిపించింది. "అమ్మకు బాలేదు ఆంటీ. మీ కోసం అడుగుతోంది. ఒక్కసారి ఫోన్ చేయండి."

నేను చేయలేదు.

మెసేజ్ తెరవను కూడా లేదు. తెరిస్తే చదివినట్టు తెలిసిపోతుందని. ఆ గొంతు వినడానికి భయమేసింది. రేపు చేద్దాంలే అనుకున్నాను. మర్నాడు ఫుకెట్‌లో ఫోన్ కట్టేసి, సంచి అడుగున బట్టల కింద పెట్టాను. ఎవరైనా అడిగితే సిగ్నల్ లేదన్నాను. ఆ గుట్ట ఎక్కి, కొబ్బరి ఐస్‌క్రీమ్ తిని, అందరితో కలిసి పగలబడి నవ్వాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది.

ఓడ సింగపూర్ చేరాక ఫోన్ తీశాను. సుగుణ అంతకు ముందు రోజు మధ్యాహ్నమే పోయింది. అంటే మేము ఫుకెట్‌లో ఉన్న రోజే.

నేను ఊరు చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. పెద్దమ్మాయి లోపల చుట్టాలతో ఉంది. కెజియా నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అంది:

"ఆంటీ, ఆఖరి రెండు రోజులూ అమ్మ ఏదేదో మాట్లాడింది. ఒక్క మాటా పోకూడదని అప్పటికప్పుడు అక్కకు మెసేజ్ పెట్టాను. చూడండి."

మొదటిది ఇలా ఉంది. "అమ్మ అంటోంది, రమ గుడికి పోలేదంట. వానంట. నీళ్ళ మీద ఇళ్ళంట. చెప్పు తెగిందంట. ఎవరో ముసలామె చెప్పులిచ్చిందంట, రెండూ రెండు రంగులంట."

దాని కింద టైము పన్నెండూ పద్నాలుగు. నేను తీసిన కాళ్ళ ఫొటో మీద పెనాంగ్ టైము రెండూ ముప్పై ఎనిమిది. మనకూ వాళ్ళకూ రెండున్నర గంటల తేడా. అంటే నేను ఫొటో తీసిన ఆరు నిమిషాలకు గుంటూరు ఆసుపత్రి నుంచి ఆ మెసేజ్ వెళ్ళింది. ఆ ఫొటో నేను ఎవరికీ పంపలేదు. తర్వాత ఒక్కొక్కరినీ వాకబు చేశాను. మా పన్నెండు మందిలో నా దగ్గర తప్ప సుగుణ నంబరు ఎవరి దగ్గరా లేదు, కెజియాదీ లేదు.

రెండోది ఫుకెట్ రోజుది.

"రమ ఫోన్ కట్టేసి బట్టల కింద పెట్టుకుందంట. ఇక చెయ్యదులే అంటోంది. నవ్వుతోందంట. నవ్వనీ అంటోంది."

చెప్పు సంగతి కనీసం పదిమంది చూశారు. ఫోన్ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

కెజియా నా మొహంలోకే చూస్తోంది. "నేను పెట్టిన మెసేజ్ మీకు చేరినట్టే చూపించింది ఆంటీ. మీరు చూసుకోలేదు కదా? ఈ చెప్పులు, వాన... ఇవన్నీ నిజంగా జరిగాయా?"

చెప్పు తెగిందని ఒప్పుకుంటే ఫోన్ సంగతీ ఒప్పుకోవాలి. అది ఆ క్షణంలోనే నాకు అర్థమైంది.

"లేదమ్మా" అన్నాను. "గుడికే వెళ్ళాం. మంచి ఎండ కాసింది. మందుల మత్తులో ఏదో అని ఉంటుంది."

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంది. "మేమూ అదే అనుకున్నాం ఆంటీ. మీ మీద అలాంటి మాట మనసులో పెట్టుకుని పోయిందేమోనని అక్క ఒకటే బాధపడుతోంది. ఇప్పుడే చెప్పొస్తానుండండి" అని లోపలికి వెళ్ళింది.

సుగుణకు అదంతా ఎలా తెలిసిందో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. "నవ్వనీ" అన్న మాట ఏ గొంతుతో అందో, కోపంతోనో జాలితోనో, కెజియాను అడిగితే చెప్పేది. ఆ ఇంట్లో అది అడిగే దారి నాకు నేనే మూసుకున్నాను.