నా కారు ముక్కుకి వట్టివేళ్ల తడిక

ఒళ్లు మండిపోయి ఇది రాస్తున్నాను. ఎండాకాలం వస్తే నా పాత కారు మధ్యాహ్నం పూట ఈడ్చుకుంటూ నడిచేది. ఇంజను తన వేడిగాలినే తాను పీల్చుకుంటోందని తెలిసి, కారు ముందరి జాలీ దగ్గర నుంచి ఇంజను లోపలికి ఒక రేకు గొట్టం పెట్టించాను. బయటి గాలి తిన్నగా అందేసరికి బండికి ప్రాణం లేచొచ్చింది.

ఈ రోజు మా వీధిలో ఉండే సామ్యూల్ మావయ్య కూతురి పెళ్లి, మొవ్వ చర్చిలో. తండ్రీకూతుళ్లను ఎక్కించుకుని బందరు నుంచి బయల్దేరాను. సగం దారిలో కారు దగ్గి, ఆయాసపడి, ఆవిర్లు కక్కుతూ ఆగిపోయింది. తెల్లచీరలో పెళ్లికూతురు కాలవగట్టు మీద ఎండలో నిలబడింది. ముందు వేలాడుతున్న పూలదండలు తప్పించి చూస్తే, జాలీకి అడ్డంగా తడిపిన వట్టివేళ్ల తడిక! గొట్టానికీ గాలి లేదు, రేడియేటరుకీ లేదు.

“ఎవరు కట్టారండీ ఇది?”

“నేనేనయ్యా. మా గుమ్మానికి కడితే ఇల్లంతా చల్లబడుద్ది. నీ ఇంజను మాత్రం చల్లబడదా?” అన్నారు మావయ్య.

తడిక పీకేసి, ఇంజను చల్లారాక నీళ్లు పోస్తే కారు రివ్వున పరుగెత్తింది. చర్చి దగ్గర మాత్రం ఆయన అందరితోనూ, “ఆ గొట్టం వల్లే ఆలస్యమైందండీ” అన్నారు. అదీ ఓర్చుకున్నాను. తిరుగు ప్రయాణానికి కారు దగ్గరికి వస్తే తడిక మళ్లీ జాలీ మీదే ఉంది, ఈసారి నీళ్లు కారుతూ.

పరుగెత్తేవాడి ముక్కుకి తడిగుడ్డ చుట్టి, పైగా వాడికి ఊపిరి లేదనేవాళ్లను ఏమనాలో మీరే చెప్పండి.