కిటికీలు మూసే బీరన్న

బీరన్న ఎవరింటికి పోయినా ముందు కిటికీలు మూస్తాడు. మంచినీళ్ళు తర్వాత, మంచీచెడూ తర్వాత. చెప్పులు విడిచీ విడవకముందే "జర తలుపు దగ్గరికెయ్యుండ్రి" అంటాడు. దోమలకు భయపడో, ఎండకు తాళలేకో కాదు. గదిని కటిక చీకటి చేసి, ఎక్కడో ఒక చిన్న చిల్లు వదిలి, ఎదురుగోడ మీద బయటి లోకం తలకిందులుగా పడితే చూసి మురిసిపోవాలి. అదీ ఆయన జబ్బు. దానికి కోస్గిలో ఏ దవాఖానలోనూ మందు లేదని ఆయన భార్య మల్లిక ఎప్పుడో తేల్చేసింది. ఆయన కాంపౌండరుగా పనిచేసేదే దవాఖానలో గనుక, అది పశువుల దవాఖానే అయినా సరే, ఆమె మాటను కొట్టిపారెయ్యలేం.

ఈ జబ్బు టీవీలోంచి అంటుకుంది. ఎవరూ చూడని ఒక చానల్లో ఆదివారం మధ్యాహ్నాలు ఫొటో పుట్టుపూర్వోత్తరాల మీద ఒక సీరియల్ మొదలైంది. ఎక్కడో చలిదేశంలో తీసిన దానికి తెలుగు గొంతు అతికించారు. తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన ఊరూరా తిరుగుతూ, గుట్టల మీది గుండ్రటి చీకటి గదుల్లోకి దూరి, అక్కడ బల్ల మీద పడ్డ ఊరిని చూపిస్తూ, "మిత్రులారా! కెమెరా పుట్టకముందే గదియే కెమెరాగా ఉండెను!" అంటాడు. సరిగ్గా ఆ వేళకే రెండో చానల్లో మల్లిక చూసే అత్తాకోడళ్ళ సీరియల్ వారం మొత్తానిదీ కలిపి వేస్తారు. పెళ్ళైన నాటినుంచి ఆ ఇంట్లో మల్లిక మాటకు ఎదురు లేదు. అలాంటిది ఆ ఆదివారం బీరన్న రిమోటును బనీను లోపల దాచుకున్నాడు.

"అత్త పాలల్ల విషం కలుపుతాంది. జర పెట్టయ్యా!"

"ఆ కోడలు మూడేండ్ల సంది చస్తనే ఉన్నది. ఇంకో వారం ఆగుతది. ఈడ చూడు, గోడ మీద గుర్రపుబండి పోతాంది!"

"తలకిందులుగ పోతాంది."

"పోనియ్యి. పోతాంది గద!"

మర్నాడే మల్లిక పుట్టింటివాళ్ళు పెట్టిన నల్లగొంగడి పడకగది కిటికీకి ఎక్కింది. దానికి పురుగు కొట్టిన చిల్లు ఒకటి ఉంది. లోకంలో ఆ చిల్లును చూసి సంతోషించినవాడు బీరన్న ఒక్కడే. మల్లికను లోపలికి పిలిచి తలుపేశాడు. "ఏం కనబడుతలేదు" అందామె. "జర ఆగు. కన్నుకు చీకటి అలవాటు కావాలె" అన్నాడాయన. ఆగింది. అలవాటయ్యాక ఆమెకు గోడ మూలన బూజు కనిపించింది. చీపురు కోసం లేచిపోయింది.

అక్కడితో ఆగితే ఆయన బీరన్న ఎందుకవుతాడు? దవాఖానలో మందుల గదిని కూడా మూశాడు. వెనక చెట్టుకు తన బర్రెను కట్టేసి వచ్చిన రైతొకడు తలుపు సందులోంచి, "సారూ, నా బర్రె ఎట్లున్నది?" అని అడిగాడు. "కాళ్ళు పైకున్నయి. ఎంత సక్కగున్నదో!" అంది లోపలినుంచి పరవశించిన గొంతు. కాళ్ళు పైకి లేచిన బర్రె అంటే ఏమిటో పశువులున్నవాడికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. రైతు గడపలోనే కూలబడి శోకం అందుకున్నాడు. ఏడ్చేవాణ్ణి ఓదార్చడానికి డాక్టరుగారే లేచి వచ్చి, నెమరేస్తున్న బర్రె దగ్గరికి చెయ్యిపట్టి నడిపించుకుపోవలసి వచ్చింది.

చుట్టాల్లో ఒకరు అప్పుడే కొత్త ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా గాలీ వెలుతురూ బాగున్నాయని మెచ్చుకుంటుంటే ఈయన గది గదీ తిరిగొచ్చి నిట్టూర్చాడు. "ఇన్ని కిటికీలు వెడితె ఇంక జూసుడు ఎట్ల?" అన్నాడు. ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ మల్లికతోనే మాట్లాడతారు.

మల్లిక తమ్ముడు గోపాల్ జడ్చర్లలో ఉంటాడు. వాళ్ళ పిల్లకు పెళ్ళిచూపులు పెట్టుకున్నారు. "బావను జర కిటికీలకు దూరం కూసోవెట్టక్కా" అని ముందే బతిమాలుకున్నాడు. కూర్చోబెట్టింది కూడా. కాని ఆమె వంటింట్లోంచి చాయ్ తెచ్చేలోగా హాలు నల్లబడిపోయింది.

"కరెంటు పోయిందా?" అన్నాడు పెళ్ళికొడుకు.

"పట్టపగలు కరెంటుతోని ఏం పని? జర ఆగుండ్రి, కన్నుకు చీకటి అలవాటు కావాలె" అంది బీరన్న గొంతు.

అందరి కళ్ళకూ అలవాటైంది. ఎదురుగోడ మీద వాకిలి, వాకిట్లో కారు, కారు చాటున ఫోను మాట్లాడొస్తానని లేచిపోయిన పెళ్ళికొడుకు తండ్రి కనిపించారు, తలకిందులుగా, రంగులతో సహా. ఆయన చెవి దగ్గర ఫోను లేదు. నోట్లో సిగరెట్టు ఉంది, పొగ గుప్పుగుప్పున కిందికి పోతోంది. గుండె ఆపరేషన్ అయిన నాటినుంచి ముట్టలేదని భార్య తలమీద చెయ్యిపెట్టి ఒట్టేసిన మనిషి! ఆ భార్య లేచి బయటికి నడిచింది. తర్వాత వాకిట్లో జరిగినదంతా రెండు కుటుంబాలూ గోడ మీద చూశాయి. తిట్లు మాత్రం కిటికీలోంచి వినబడ్డాయి. సంబంధం తప్పినట్టేనని గోపాల్ తలపట్టుకున్నాడు. ఆవిడ లోపలికొచ్చి చీర సర్దుకుని కూర్చుని, "పిల్ల మాకు నచ్చింది. గీ ఇంట్ల అబద్ధం దాగది" అని తాంబూలం అడిగింది. ఆనాటినుంచి బీరన్నను పట్టలేకపోయారు.

ఈ తిక్కలో అసలు సంగతి నలిగిపోతోందని మల్లిక బాధ. బీరన్నకు ఈదమ్మ అని ఒక్కగానొక్క అక్క ఉంది. మర్రిగూడ అవతల పల్లెలో కొడుకు పరశురాం దగ్గర ఉంటుంది. తల్లి పోతే బీరన్నను చంకనేసుకుని సాకింది ఆమే. అక్కడి ఫ్లోరైడు బోరునీళ్ళు తాగీ తాగీ ఎముకలు బిగుసుకుపోయి, నడుమూ మెడా నేలకు వంగిపోయాయి. తర్వాత ఇంటింటికీ మంచి నీళ్ళ నల్లాలు వచ్చాయి గాని, వంగిన మెడ వంగినట్టే ఉండిపోయింది. ఆ ఊళ్ళో ఎన్నో ఏండ్ల తర్వాత గొర్రెలు కాసే కురుమలంతా కలిసి తమ కులదేవుడు బీరప్ప పండుగ చేస్తున్నారు. ఒకప్పుడు ఆ పండుగలో ముందు బోనం ఎత్తుకుని నడిచిన మనిషి, ఇప్పుడు గడప దాటనని మొండికేసింది.

"వదినే, నేనొస్త. చెయ్యిపట్టుకొని నేనే తోలుకపోత" అంది మల్లిక ఫోనులో.

"వద్దు పిల్లా. బయటికొస్తె నాకు కనబడేటివి కాళ్ళే. ఇప్పటికే చెప్పులు జూసి మనుషుల గుర్తువడుతున్న. కాళ్ళ పండుగ జూసుడు నాతోని గాదు. నేను ఇంట్లనే ఉంట."

నీ మాటైతే వింటుంది, నువ్వే నచ్చజెప్పమని మల్లిక ఫోను మొగుడి చేతిలో పెట్టింది. బీరన్న గొంతు సవరించుకున్నాడు. "అక్కా, మీ ఇంటి రేకులు భూమికెల్లి ఎంత ఎత్తుంటయి?" అన్నాడు. మల్లిక నెత్తి కొట్టుకుంది.

ఆ వారమే ఆయన ఉన్నట్టుండి, "సెలవు వెట్టిన. నిన్ను టూరు తోలుకపోత" అన్నాడు. మల్లిక శ్రీశైలం అనుకుంది. పట్టుచీర సంచిలో పెట్టుకుంది. బస్సు జడ్చర్లలో దింపింది. అక్కడినుంచి ఆటోలో ఒక రిటైర్డు డ్రాయింగు పంతులుగారి తోటకు తీసుకుపోయాడు. ఆయన మేడ మీద సరదాకు ఒక చీకటి గది కట్టుకున్నాడు. కప్పు మీద వాలుగా అద్దం, దాని కింద ఒక కళ్ళద్దపు బిళ్ళ, బిళ్ళ కింద తెల్లటి బల్ల. ఆ బల్ల మీద హైవే, లారీలు, మేకలు అన్నీ నిటారుగా పోతున్నాయి. పంతులుగారి పక్కన నిలబడి చూస్తే, నిజం చెప్పాలంటే, మల్లికకు కూడా కాసేపు శ్రీశైలం దేవుడు గుర్తురాలేదు.

కాని బీరన్న చూడడం లేదు. బల్ల కిందికి దూరి టేపుతో కొలుస్తున్నాడు.

"పంతులుగారూ, బల్లను మోకాలి ఎత్తుకు దించుకోవచ్చునా?"

"దించవచ్చు. అప్పుడు బిళ్ళ మార్చాలి. కాని అంత కిందికి వంగి చూసేదెవరండీ?"

బీరన్న టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. తిరుగుదారిలో కళ్ళద్దాల దుకాణానికి పోయి అరనంబరు బిళ్ళ ఒకటి కావాలన్నాడు. "మీ కన్ను మంచిగనే ఉన్నది సార్" అన్నాడు దుకాణం వాడు. "కంటికి గాదు, ఇంటికి" అన్నాడీయన. పట్టుచీర మడత విప్పకుండానే కోస్గి చేరింది. ఆ రాత్రి మల్లిక అన్నం వడ్డించింది గాని కూర ఏమిటో చెప్పలేదు.

పండుగకు బీరన్న ముందే బయల్దేరిపోయాడు. అక్కను ఒప్పించడానికి పోయాడని మల్లిక పొరబడింది. ఆయన ఊరంతా తిరిగి, "గొంగడున్నదా? పండుగ పనున్నది" అని అడిగాడు. బీరప్ప ముందు గొంగళ్ళు పరిచి రంగుపొడులతో పట్నాల ముగ్గులు వేయడం వాళ్ళ ఆచారం గనుక, ఎవరూ ఎందుకని అడగలేదు. దేవుడికే అనుకుని గొంగళ్ళు దులిపి, కళ్ళకద్దుకుని, ఆయన భుజాన వేశారు. కులపెద్ద జానయ్య అయితే తాతల నాటి గొంగడిని పెట్టెలోంచి తీసి ఇచ్చాడు.

పండుగ పొద్దున మల్లిక బస్సు దిగి ఆడబిడ్డ ఇంటికి వచ్చేసరికి కిటికీలకు గొంగళ్ళు, తలుపులకు గొంగళ్ళు, రేకుల సందులకు గొంగళ్ళు. కప్పు రేకుకు గుండ్రటి చిల్లు, చిల్లులోంచి పైకి పొగగొట్టం, గొట్టం నెత్తిన వాలుగా గడ్డం గీసుకునే అద్దం. ఇల్లు మంత్రగాడి కొంపలా ఉంది. పరశురాం వాకిట్లో నిలబడి, "మామ ఏం జేస్తుండో నాకైతె సమజ్ గాలేదత్తా" అన్నాడు.

మల్లిక విసురుగా లోపలికి పోయింది. "నీకేమన్న ఉన్నదా? ఊరంత పండుగ జేస్తాంటె నీ అక్కను చీకట్ల కూసోవెడతవా?"

"జర ఆగు..."

"ఆగ! నా కన్ను ఎప్పుడో అలవాటైంది నీ చీకటికి!"

ఇంతలో డోళ్ళు వినిపించాయి. వాటికంటే ముందు జానయ్య గొంతు వినిపించింది. గుడి దగ్గర పట్నం వేద్దామంటే పరచడానికి గొంగడి లేదు. అవన్నీ ఎక్కడున్నాయో ఎవరో చెప్పారు. మామూలుగా ఆ సందు ముందునుంచి దాటిపోవలసిన ఊరేగింపు డోళ్ళతో, బోనాలతో, కోపంతో సహా నేరుగా ఈదమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఓరి బీరిగా! దేవుని గొంగళ్ళు కిటికీలకు గట్టుకుంటివా?" అని జానయ్య తలుపు తోసుకుని వచ్చాడు. తిట్టడానికి నోరు తెరిచి, తెరిచిన నోటితోనే ఆగిపోయాడు.

చీకట్లో ఈదమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఎప్పటిలాగే మెడ వంచుకునే ఉంది. ఆమె మోకాళ్ళ ముందు తెల్లపంచె కప్పిన చిన్న బల్ల. ఆ పంచె మీద ఎండ, ఆకాశం, ఎగిరే పసుపు, డోలు కొట్టే చేతులు, వాటి పైన మొహాలు. ఏండ్ల తరబడి కాళ్ళే చూసిన మనిషి ఒళ్ళో ఊరి మొహాలన్నీ కదులుతున్నాయి. ఆమె వేలితో ఒక్కొక్క మొహాన్ని తాకబోతోంది. తాకితే చెదిరిపోతుందేమోనని వేలు వెనక్కి తీసుకుంటోంది.

మల్లికకు అప్పుడు తెలిసింది, ఆ టేపు, ఆ అరనంబరు, ఆ రేకుల ఎత్తు ఎవరికోసమో. ఇన్నాళ్ళూ తిట్టినందుకు సిగ్గేసింది, మొగుడి మీద ప్రేమ పొంగింది. అయినా నోరు ఊరుకోదు గదా.

"వదినె కొరకని ముందుగాల్నే జెప్తె ఏం బోయింది నీకు?"

"జెప్పినంక కుదరకపోతె? అక్క ఆశవడి కూసుంటది గదనే" అన్నాడు బీరన్న నెమ్మదిగా.

జానయ్య గొంగళ్ళ మాట ఎత్తలేదు. బయటికి పోయి డోళ్ళవాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. "ఈడనే కొట్టుండ్రి. ఇంకో దరువు. అందరు మీదికి జూడుండ్రి, గా అద్దం దిక్కు! ఈదక్క జూస్తాంది!" జనం అద్దం వైపు తలలెత్తారు. కొందరు నవ్వారు, కొందరు దండం పెట్టారు, ఒకామె తలమీది బోనం పడకుండా పట్టుకుని మరీ పైకి చూసింది.

ఈదమ్మ ఏడుస్తుందేమోనని మల్లిక కొంగు పట్టుకుని సిద్ధంగా ఉంది. ఆమె బల్ల మీదికి ఇంకొంచెం ఒరిగింది.

"ఏందిరా బీరన్నా, అందరు ముసలోళ్ళైండ్రు! జానయ్యకు పండ్లు లేవు, గా పరమేష్‌కు బట్టతల. ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ముసలిదాన్నైన అనుకొని ఇంట్ల కూసుంటి గదరా!" అంది. అంతలో పంచె మీద ఒక మొహాన్ని గుర్తుపట్టింది. "అగో, పక్కింటి జానమ్మ! మొన్న నా మంచం కాడ కూసోని తన ఎంట్రుక ఒక్కటి గూడ నెరవలేదని కోతలు గోసింది. తలంత ముగ్గుబుట్టనే! నా కట్టె ఏది? ముందుగాల నన్ను బయటికి తోలుకపోండ్రి, దాన్ని అడగాలె."