మార్తమ్మ టీచర్ వెతికిన తాత

పోయిన నెల కోదాడలో రోడ్డు వెడల్పు కోసం ఒక పాత ఇంటిని పడగొడుతుంటే వార్త రాయడానికి వెళ్ళాను. పొద్దున కురిసిన వానకు గోడ లోపలి సున్నం తడిసి, ఘాటుగా వాసన వేసింది. జేసీబీ చప్పుడు, చుట్టూ చేరిన జనం కేకలు కాసేపు వినిపించడం మానేశాయి. అలాంటి ఒక గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డ మార్తమ్మ టీచర్ నా కళ్ళ ముందు కనిపించారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది.

సూర్యాపేటలో ఆమె మాకు సోషల్ చెప్పేవారు. చామనఛాయ, పొట్టి మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన నేత చీర. కళ్ళు మాత్రం ఆకుపచ్చ కలిసిన తేనె రంగు. పిల్లలం చాటుగా పిల్లికళ్ళ టీచర్ అనుకునేవాళ్ళం. ఒకరోజు ఆ మాట ఆమె చెవిన పడింది. కోప్పడతారని మేము బిగుసుకుపోయి కూర్చుంటే, ఆమె నేరుగా గోడ మీది ప్రపంచపటం దగ్గరికి వెళ్ళి, ఇంగ్లండుకు పైనున్న చిన్న ముక్క మీద వేలు పెట్టారు.

"ఇది స్కాట్లాండ్. మా అమ్మను కన్న నాయన గీడికెల్లి వచ్చిండట. ఈ కండ్లు ఆయనయే. పేరేందో మాకు తెల్వదు. తెలిసిన్నాడు మీకు గూడ చెప్త."

మేము బడి దాటేదాకా ఆ రోజు రాలేదు. నేను డిగ్రీ చేసి, ఉద్యోగ పరీక్ష తప్పి, ఎవరికీ ముఖం చూపించలేక ఇంట్లో కూర్చున్న ఏడాది టీచర్ రిటైరయ్యారు. పక్క వీధిలోనే వాళ్ళ ఇల్లు. ఒక మధ్యాహ్నం వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు.

"పద్మా, ఇంట్ల కూసోని ఏం జేస్తున్నవ్? నాతోని వస్తవా? చర్చిలల్ల పాత పుస్తకాలు సూడాలె. ఆ ఇంగ్లీషు రాత నా కండ్లకు ఆనుతలేదు."

వెళ్ళనని చెప్పడానికి నా దగ్గర కారణమేదీ లేదు.

ముందు కోదాడ తీసుకెళ్ళారు. అక్కడ తమ్ముడి ఇంట్లో వాళ్ళమ్మ రూతమ్మ గారు ఉండేవారు. బాగా వయసు మీదపడి, మంచం మీదే ఎక్కువసేపు గడిపేవారు. ఆమె కళ్ళూ అదే రంగు. ఆమె కడుపులో ఉండగానే తండ్రి పోయాడు. తల్లి ఎలీసమ్మ మిర్యాలగూడ మిషన్ హాస్టల్లో వంట చేస్తూ, ఈమె చిన్నతనంలోనే కన్నుమూసింది. ఆ హాస్టల్లోనే పెరిగిన రూతమ్మ గారు తల్లి గురించి విన్నదంతా ఒకటే మాట.

"మా అమ్మని దొర ఉంచుకున్నాడని అనేవాళ్ళమ్మాయ్," అన్నారామె నా చెయ్యి పట్టుకుని. "నీళ్ళ దగ్గర అనేవాళ్ళు, ప్రార్థనకి పోతే అనేవాళ్ళు. పెళ్ళయిందో లేదో నాకు తెలీదు. కాలేదంటే కాలేదనే చెప్పండి. తెలియకుండా మాత్రం పోలేను."

మిర్యాలగూడ చర్చిలో పాస్టరు గారు కొంచెం వెనకాడారు. పాత పుస్తకాలు చెదలు తిన్నాయన్నారు. టీచర్ బెంచీ మీద కూర్చుని, "మిగిలినయే సూస్తం, అయ్యగారూ," అన్నారు. ఆయన బీరువా తెరవక తప్పలేదు. ముట్టుకుంటే పొడి రాలే కాగితాలు. వాలుగా, గొలుసుకట్టుగా ఉన్న ఆ రాత అలవాటు కావడానికే నాకు చాలాసేపు పట్టింది. చివరికి బాప్తిస్మాల పుస్తకంలో దొరికింది. రూతు. తల్లి ఎలీసమ్మ. సాక్షి దావీదు, మేస్త్రి. తండ్రి పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఇగ అయిపోయింది టీచర్. నాయన పేరే రాయలే," అన్నాను.

ఆమె కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "రాయలేదని తెలిసింది. లేడని తెల్వలే గద. ఈ దావీదు ఎవలో సూద్దాం, నడువు."

ఆ ఎండాకాలం చర్చి వెనక వీధులన్నీ తిరిగాం. రైసు మిల్లుల సందుల్లో తవుడు ధూళి ముఖానికి కొట్టేది. ముసలివాళ్ళున్న ఇల్లు కనబడితే చాలు, టీచర్ ఆగి దావీదు మేస్త్రి గురించి అడిగేవారు. ఒకింట్లో ఆమెకు దూరపు చుట్టమైన ఒకాయనే మా ఇద్దరినీ గడప దాటనివ్వలేదు.

"గివన్ని ఇప్పుడెందుకక్కా, పరువు దీస్కోనీకి?" అని తలుపు వేసుకున్నాడు.

నాకు ముఖమంతా వేడెక్కింది. ఇంటికి పోదామన్నాను. టీచర్ పక్కింటి వైపు నడిచారు. "మా అమ్మమ్మ పరువు గురించి ఎవలు అడిగిన్రు?" అంటూ గొళ్ళెం కొట్టారు.

ఆచూకీ ధాన్యం వ్యాపారం చేసే ఒక పెద్దాయన దగ్గర దొరికింది. "దావీదు మేస్త్రా? మా పాత గోదాం కట్టింది ఆయనేనమ్మా. ఆయన్తోని ఒక తెల్ల మేస్త్రి గూడ పనిజేసిండని మా తాత చెప్పెటోడు. దొర అయ్యుండి తట్ట మోస్తున్నడని అందరు వింతగ సూసెటోళ్ళట. దావీదోళ్ళ ఊరు మోతె."

గోదాం వెనక వైపు గోడ ఇంకా ఉంది. టీచర్ దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. వాళ్ళ తాత చేతులు తగిలిన వస్తువు ఏదైనా ఆమె ముట్టుకోవడం అదే మొదటిసారి.

మోతెలో దావీదు చిన్న కూతురు సువార్తమ్మ బతికే ఉంది. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మేము వచ్చిన పని చెప్పేలోపే టీచర్ గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి చూసింది.

"ఎలీసమ్మ మనమరాలివా, బిడ్డా?"

టీచర్ తలూపారు. మేము వెతుకుతున్న పెళ్ళి సంగతి ఆ ముసలమ్మ నోటి నుంచే వచ్చింది. "లగ్గం గీ వాకిట్లనే అయింది. నేను శాన చిన్నదాన్ని. పందిరి కింద కూసోని బెల్లమన్నం తిన్నది యాదికున్నది. ఆయనను పనికి తెచ్చుకున్న మిషనోళ్ళు ఒద్దన్నరట. గా పిల్లను జేసుకుంటే నీకు పనుండదన్నరట. లేకుంటే లేకపాయె అన్నడట ఆయన. మా నాయనతోని గోడలు గట్టిండు. ఎలీసమ్మ కడుపుతోని ఉండంగ జరమొచ్చి పోయిండు. మా నాయనే రాయి చెక్కి పాతిండు."

"ఆయన పేరేందవ్వా?"

"అందరు మేస్త్రి దొర అనేది. పేరు రాయి మీద ఉంటది, పోయి సూడున్రి."

ఊరి బయట ఆ సమాధుల నేలంతా సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. కొడవళ్ళు అడిగి తెచ్చుకుని ఇద్దరం కొట్టడం మొదలుపెట్టాం. ముళ్ళకు చేతులు చీరుకుపోయాయి. ఆ రోజు దొరకలేదు. మర్నాడు మళ్ళీ బస్సెక్కాం. బోర్లాపడి మట్టిలో కూరుకుపోయిన రాయి ఒకటి కనిపిస్తే, పక్క చేలో పనిచేస్తున్న వాళ్ళు గడ్డపారలతో తిరగేశారు. టీచర్ బాటిల్లోని నీళ్ళు దాని మీద పోసి కొంగుతో రుద్దారు. ఎగుడుదిగుడు తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి.

అంద్రెయ. స్కాట్లాండు. ఎలీసమ్మ పెనిమిటి.

ఆండ్రూ అనే పేరును దావీదు తన తెలుగు బైబిలులో ఉన్నట్టే చెక్కాడు. ఇంటిపేరు రాయలేదు, బహుశా ఆయనకు తెలిసి ఉండదు. టీచర్ నేల మీద కూర్చుండిపోయారు. ఆమె వేలు చివరి మాట మీదే ఆగిపోయింది.

ఆ వారమే రూతమ్మ గారిని కారులో తీసుకొచ్చాం. ఆమెకు చూపు ఆనలేదు. వంగి అక్షరాలను వేళ్ళతో తడుముకున్నారు.

"పెనిమిటి అనే రాసుందా? సరిగ్గా చూశావామ్మాయ్?"

"అట్లనే ఉంది, అమ్మమ్మా."

"ఇంకోసారి చదువు."

చదివాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "మా అమ్మ బతికుండగా ఎవరైనా ఇలా పైకి చదివి ఉంటే బాగుండేది," అన్నారు.

మేము మిర్యాలగూడ తిరిగివెళ్ళి చెప్పినప్పుడు పాస్టరు గారు కదిలిపోయారు. పుస్తకం తెరిచి, ఆ ఖాళీలో పేరు రాయమని కలం టీచర్ చేతికే ఇచ్చారు. నేనైతే రాసేసేదాన్ని. ఆమె కలం తిరిగి ఇచ్చేశారు.

"పాత రాతను ముట్టుకోవద్దు, అయ్యగారూ. వాళ్ళు రాయకుండ ఇడిసిపెట్టిన్రన్నది గూడ నిజమే. కింద ఏరేగ రాయున్రి. రాయి యాడున్నదో, లగ్గం సంగతి ఎవలు చెప్పిన్రో, అంతా."

నేను విలేకరి కావాలనుకున్నది ఆ బెంచీ మీదే. తర్వాత ఏ వార్త రాసినా, నాకు తెలిసింది ఎంతో, తెలియంది ఎంతో విడివిడిగా చెప్పడం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

తాత పేరు చెప్తానన్న మాట కూడా టీచర్ నిలబెట్టుకున్నారు. మా బడికి వెళ్ళి, మేమెవ్వరం లేని ఆ తరగతిలో కొత్త పిల్లలకు పటం చూపించి చెప్పారు. స్కాట్లాండుకు మాత్రం ఎన్ని ఉత్తరాలు రాసినా, ఇంటిపేరు లేకుండా ఏమీ చెప్పలేమన్న మర్యాద జవాబులే వచ్చాయి. ఆమె పోయాక ఆ పని నా చేతికి వచ్చింది. ఇప్పుడు అక్కడి చర్చి పుస్తకాలు చాలావరకు కంప్యూటర్లోనే చూడొచ్చు. ఆదివారాలు అవి ముందు వేసుకుని కూర్చుంటాను. ఆండ్రూలు కుప్పలుగా ఉన్నారు, రాతిపని చేసేవాళ్ళూ తక్కువేం లేరు.

"నీ తాత కాదు, నా తాత కాదు. ఎందుకింత పరేషాన్?" అంటాడు మా ఆయన. టీ మాత్రం తెచ్చి పక్కన పెడతాడు.

మొన్న ఒక పల్లె పుస్తకంలో రాతిపని చేసే ఒక ఆండ్రూ కనిపించాడు. దేశం విడిచి వెళ్ళినట్టు రాసి ఉంది, ఎక్కడికో లేదు. ఆయనే కావచ్చు, కాకపోవచ్చు. ఆ చర్చికి ఉత్తరం మొదలుపెట్టాను. మొదటి వాక్యానికే చాలాసేపు ఆలోచించి, చివరికి ఇలా రాశాను: "అయ్యా, సూర్యాపేట దగ్గర మోతె అనే ఊళ్ళో, భార్య పేరుతో గుర్తుండిపోయిన మీ దేశపు మనిషి ఒకాయన ఉన్నాడు."