డొప్ప మీద రెండు గుంతలు

ఈ మధ్య పొద్దున్నే కిందినుంచి థిన్నర్ వాసన వస్తే చాలు, నాకు నాన్న చెయ్యి గుర్తుకొస్తుంది. రిటైరైన మా తమ్ముడికి నాన్న పాత స్కూటర్‌ను మళ్లీ కొత్తదానిలా చేయాలనే పిచ్చి పట్టింది. నాచారంలో మాది నాన్న కట్టిన ఇల్లే, పైన నేను, కింద తమ్ముడూ మరదలూ. వాకిలంతా విప్పిన సామాన్లు, కిరసనాయిలు డబ్బాలు, గరుకు కాగితాలు. నేనూ ఊరికే కూర్చోలేదు లెండి, హెడ్‌లైటు రింగుకు పట్టిన తుప్పు గీకి, పాలిష్ పెట్టి, పాత చీర ముక్కతో రుద్దీ రుద్దీ మెరిపించింది నేనే. అందులో నా ముఖం కనబడితే చిన్నపిల్లలా మురిసిపోయాను.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆదివారం నాన్నల స్నానం కంటే ముందు స్కూటర్ స్నానం జరిగే కాలం అది. ఫ్యాక్టరీ సైరన్‌తో లేచి సైరన్‌తో అన్నం తినే ఆ నాచారంలో, మా నాన్నకు వారమంతా సూపర్‌వైజర్ తిట్లు, ఆదివారం స్కూటర్. దాన్ని పసిబిడ్డను తుడిచినట్టు తుడిచేవాడు, మమ్మల్ని మాత్రం బెల్టుతో, చెప్పుతో, చేతికి ఏది దొరికితే దానితో బాదేవాడు. అమ్మను జుట్టు పట్టి గోడకేసి కొట్టిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆయన్ను నేను క్షమించలేదు, అలాగని ఆయన మీద ప్రేమా పోలేదు.

ఒక ఆదివారం తమ్ముడు మామిడిపండు తింటూ తింటూ, ఆ జిగట చేతిని అప్పుడే పాలిష్ పెట్టిన ఇంజన్ పక్క రేకు డొప్ప మీద ఆనించాడు. నాన్న వాడి చెంప పగలగొట్టాడు. వాడు ఎగిరి గేటు మీద పడ్డాడు, చెవిలోంచి రక్తం కారింది. వాకిట్లో మిరపకాయలు దంచుతున్న అమ్మ లేచింది. అంచుకు ఇనుప పొన్ను ఉన్న రోకలి, కారం అంటిన చేతులు, నేరుగా స్కూటర్ దగ్గరికే పోయింది.

"నువ్వు పిల్లగాన్ని ఒక్కటి గొట్టినవ్, నేను దీన్ని రెండు గొడత. ఎప్పుడైనా గంతే లెక్క, సూస్కో!"

అన్నంత పనీ చేసింది. గల్లీ అంతా పరుగెత్తుకొచ్చింది. ఎదురింటి ముసలమ్మ అయితే "ఇంకో రెండెయ్యి బిడ్డా!" అని కేకేసింది. అంతమంది ముందు నాన్న చెయ్యి లేవలేదు, ఆ తర్వాత మా ఎవ్వరి మీదా లేవలేదు. డొప్ప మీద పక్కపక్కనే పడ్డ ఆ రెండు గుంతలను ఆయన తీయించనూ లేదు, ఎవరడిగినా లారీ తగిలిందనేవాడు. తమ్ముడికి ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు.

ఆ గుంతలనే తమ్ముడు మొన్న లప్పం పెట్టి పూడ్చాడు. అవి ఉంటే రంగు నున్నగా రాదట. వాటిని ఉండనీయరా అని నేనన్నది ఆ వినపడని చెవి పక్కనుంచేమో, పలకలేదు. రుద్ది, రంగు కొట్టి, అద్దంలా చేసి పెట్టాడు.

నిన్న మరదలు ఆరేస్తున్న తడి చీర గాలికి ఎగిరి ఆ పచ్చి రంగుకు అంటుకుంది. "కండ్లు దొబ్బినయా నీకు!" అని తమ్ముడు వేసిన కేకా, వెంటనే చెంపదెబ్బా పైదాకా వినపడ్డాయి. వంగి చూస్తే మరదలు చెవి పట్టుకుని నేల మీద కూలబడి ఉంది. నాకు ఒళ్లు భగ్గుమంది. తలుపు వెనకున్న అమ్మ రోకలి తీసుకుని, మోకాళ్ల నొప్పి సంగతి మరిచి మెట్లు దిగి, ఆ డొప్ప మీద బలం కొద్దీ ఒక్కటి వేశాను. లప్పం పెచ్చులు పెచ్చులుగా రాలింది. దాని కింద అమ్మ కొట్టిన గుంత అట్లాగే ఉంది.

తమ్ముడు అరుస్తూ నా మీదికి రాబోయి, దాన్ని చూసి ఆగిపోయాడు. వాడి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ చెవి మీదికి పోయింది.

ఆనాడు గల్లీ అంతా వచ్చింది. ఇప్పుడు మా చుట్టూ అన్నీ అపార్టుమెంట్లే, ఎటు చూసినా కిటికీలే, అయినా ఇంత చప్పుడుకు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. సైరన్లు పోయాయి, కేకేసే ఆ ముసలమ్మలూ పోయారు. ఎంత ఒంటరి వాకిలి అయిపోయింది మాది అనుకుంటే ఏడుపొచ్చింది. ముసలమ్మ మాట కూడా నేనే అనవలసి వచ్చింది.

రోకలి తీసుకెళ్లి మరదలి చేతిలో పెట్టాను.

"ఇంకోటుంది. గది నువ్వెయ్యి బిడ్డా."

ఆమె వేసింది.