గుర్తింపు కార్డుతో స్వయంగా రాగలరు

చాయ్ గ్లాసులు కింద పెట్టి వినుండ్రి, మీద పోసుకుంటే నాకు సంబంధం లేదు! రెండేండ్ల సంది ఎదురుచూసిన పర్మనెంట్ ఉద్యోగం నా దగ్గరికి నడిచొస్తే, "నువ్వెవరు?" అని అడిగి నేనే వాపస్ తోలిన. అది గూడ రెండుసార్లు!

మాది బాన్సువాడ బస్టాండ్ పక్కన విత్తనాల కంపెనీ బ్రాంచి. ఉండేది ఇద్దరమే, కాంట్రాక్టు మీద నేను, సీనియర్ సలీం అన్న. రెండు వారాల కింద సలీం అన్నకు "మీకు లాటరీల కారు తగిలింది" అని మెయిల్ వచ్చింది. తెరిచిండు. కారు రాలే, కంప్యూటర్ పోయింది! బాగుచేసేటాయన రెండు రోజులు మా కుర్చీలనే కూసున్నడు.

"ఇగ మెయిల్ సంగతి నువ్వే చూస్కో చెల్లె," అన్నడు సలీం అన్న.

గింత అధికారం దొరికితే నేను ఊకుంటనా! సెట్టింగ్స్ తెరిచి, సెక్యూరిటీ అని ఉన్నకాడల్లా టిక్కు పెట్టిన. ఇప్పటిదాక మాకు మెయిల్ పెట్టినోళ్లందరినీ నమ్మకస్తుల లిస్టుల ఎక్కించిన. నస్రుల్లాబాద్ డీలర్, డోంగ్లి డీలర్, ఆఖరికి ఏసీ రిపేర్ ఆయన గూడ ఎక్కిండు. లిస్టుల లేనోళ్ల మెయిల్ లోపలికే రాదు. ఈ సెట్టింగ్స్ మళ్ల మార్చాల్నంటే మెయిల్‌కు కోడ్ రావాలె, అది గూడ పెట్టిన. బయటోళ్లకు దానంతటదే పోయే జవాబైతే సొంతంగ రాసిన. "మీరెవరో మాకు తెలియదు. మీ మెయిల్ అనుమానాస్పదంగా ఉన్నది. పని ఉంటే గుర్తింపు కార్డుతో స్వయంగా ఆఫీసుకు రాగలరు."

సలీం అన్న చదివి టేబుల్ గుద్దిండు. "కమాల్ చేసినవ్ చెల్లె! దొంగలు పరేషాన్ అయితరు!"

గా వారంలనే నా పర్మనెంట్ ఆర్డర్ రావాలె. గంటగంటకు ఇన్‌బాక్స్ చూస్తున్న. సోమవారం లేదు, మంగళవారం లేదు. బుధవారం హైదరాబాద్ నుంచి ఏదో ఫోన్ వచ్చింది. తెలియని నంబర్ నేనెత్తుతనా? కట్! సెక్యూరిటీ అంటే సెక్యూరిటీ! కానీ లోపల మస్తు భయం. నన్ను తీసేస్తరేమోనని అన్నం గూడ సయించలే.

నిన్న పొద్దుగాల ఆఫీసు ముందట కారు ఆగింది. ఒక మేడం దిగి లోపలికొచ్చింది. మెడల కార్డు తీసి నా టేబుల్ మీద పెట్టింది. హెడ్డాఫీసు హెచ్ఆర్!

"గుర్తింపు కార్డుతో స్వయంగా రమ్మన్నారు కదా. వచ్చాను."

నేను లేచి నా కుర్చీనే ఆమెకు ఏసిన.

"మీ ఆర్డర్ రెండుసార్లు పంపాను. రెండుసార్లూ నేనెవరో తెలియదన్నారు. ఫోన్ చేస్తే కట్ చేశారు. సంతకానికి ఇవాళే ఆఖరి రోజు. నిజామాబాద్‌లో పనుండి ఇటు వచ్చాను కాబట్టి సరిపోయింది."

హెచ్ఆర్ మా బ్రాంచికి ఎన్నడన్న మెయిల్ పెడితే గద లిస్టుల ఎక్కేది! ఏసీ ఆయన ఎక్కిండు, ఉద్యోగమిచ్చే మేడం ఎక్కలే! సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన. సంతకం తొందరతొందరగ గీకితే నా పేరు వంకరపోయింది. పెట్టినంక సంతోషానికి ఏడుపొచ్చింది. సలీం అన్నయితే "మా చెల్లె పర్మనెంట్!" అని బస్టాండ్ దాక వినొచ్చేటట్టు ఒర్రిండు.

మేడం నవ్వాపుకుంట, "ముందు ఆ సెట్టింగ్స్ తీసేయండి," అన్నది.

పర్మనెంట్ ఉద్యోగంల నా మొదటి పని! హుషారుగ కూసొని నొక్కిన. "ఐటీ విభాగం నుంచి మీ మెయిల్‌కు కోడ్ పంపాము" అని వచ్చింది. ముగ్గురం ఇన్‌బాక్స్ దిక్కు చూసినం. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. అప్పుడు సలీం అన్న మెల్లగ అడిగిండు.

"చెల్లె... ఐటీవాళ్లు లిస్టుల ఉన్నరా?"

రేపు ఐటీ ఆయన హైదరాబాద్‌ల బస్సెక్కుతుండు. గుర్తింపు కార్డు మర్చిపోవద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిన.