బూట్లు విప్పిన హెవీవెయిట్

మా ఇంటి ఆడపిల్లల్లో నేనే పొడుగు. మగపిల్లల్ని కలిపి నిలబెట్టినా నేనే పొడుగు. అప్పటికే రెండు సంబంధాలవాళ్ళు కోదాడలో మా ఇంటికి వచ్చి, టిఫిన్ తిని, "పిల్ల బంగారం గాని..." అని నసిగి వెళ్ళిపోయారు. నా తల వాళ్ళ ఇంటి కప్పుకేమైనా తగులుతుందా అని నాకు ఒళ్ళు మండేది.

అలాంటప్పుడు సూర్యాపేట సంబంధం వచ్చింది. వాళ్ళది ఎరువుల దుకాణం. ఫోన్లో మాట్లాడాక అబ్బాయి నాకు తెగ నచ్చాడు. నాకంటే పొట్టినని తనే ముందు చెప్పాడు. "పక్కన నిలబడితే ఏం బాగుంటుందే" అని అమ్మ గొణిగింది. నేను మాత్రం చేసుకుంటే ఇతన్నే అనుకున్నాను.

కాని మా ఇంట్లో పెళ్ళి ఖాయమయ్యేది మిర్యాలగూడలో ఉండే మా పెద్దనాన్న నోటి మాటతోనే. ఆయన అన్న మాట నాన్న జవదాటడు. ఆయనకు రైస్ మిల్లుంది, దానికి మించి బాక్సింగ్ పిచ్చి ఉంది. మధ్యాహ్నమంతా మిల్లు ఆఫీసులో కూర్చుని ఫోన్లో పాత నలుపు తెలుపు పోటీలు చూస్తుంటాడు. ఇప్పటి హెవీవెయిట్ బాక్సర్లు గుమ్మంలోంచి వంగి రావలసినంత పొడుగు మనుషులు. పాత ఛాంపియన్లు వాళ్ళ ముందు చిన్నపిల్లల్లా ఉంటారు. అయినా రింగులోకి దింపితే పాతవాళ్ళే గెలుస్తారని ఆయన వాదన. కాదన్నందుకు సొంత బావమరిదితోనే చాలాకాలం మాట్లాడలేదు.

అందుకే అబ్బాయికి ముందే ఫోన్ చేసి చెప్పాను. "ఆయన ఏమడిగినా పాతవాడే గెలుస్తాడని చెప్పండి. మీకు పుణ్యం ఉంటుంది." సరేనన్నాడు.

పెళ్ళిచూపులు పెద్దనాన్న ఇంట్లో పెట్టుకున్నాం. అబ్బాయి కారు దిగగానే అమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంచుమించు నా అంత ఉన్నాడు. గుమ్మం ముందు వంగి బూట్లు విప్పాడు. వాటి మడమలు ఇటుకలంత మందం. గడప దాటేసరికి నా చెవి దగ్గరికి దిగిపోయాడు. ఆ సలహా ఏ మహానుభావుడిదో గాని, బూట్లతో ఎవరింట్లోకి వెళ్తారండీ?

"మా అక్క కొనిచ్చింది" అని అతనే నవ్వేశాడు. అమ్మ నవ్వలేదు.

పెద్దనాన్న చదువు అడగలేదు, దుకాణం సంగతీ అడగలేదు. "బాబు, బాక్సింగ్ ఎరుకేనా?"

"సూస్త మామయ్య."

"అయితే జెప్పు. పాత ఛాంపియన్ని, ఇప్పటి గీ తాడిచెట్టసొంటోన్ని రింగుల దింపితే ఎవలు గెలుస్తరు?"

నేను పకోడీల పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అబ్బాయి నా వైపు ఒకసారి చూశాడు.

"ఇప్పటోడే మామయ్య. గంత బరువు, గంత పొడుగు చెయ్యి మీద పడితే పాతోడు ఎంత ఉషారున్నా ఆగలేడు."

ఒక్క ముక్క చెప్పమంటే నోటికేమొచ్చింది ఈ మనిషికి?

పెద్దనాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "పాత బియ్యమే పొడిపొడిగ ఉడుకుతది బాబు. వాళ్ళు పదిహేను రౌండ్లు కొట్లాడిండ్రు. వీళ్ళకు సగంలనే ఆయాసం."

"పదిహేను దాకా పోనియ్యాలె గద మామయ్య."

"లోపలికి పోవాలె. దగ్గరికి పోతె పొడుగు చెయ్యి ఏం జేస్తది?" అంటూ పెద్దనాన్న లేచాడు. "బిడ్డా, గా పళ్ళెం పెట్టి ఇటు రా. చెయ్యి చాపు."

మా ఇద్దరినీ పక్కపక్కన నిలబడనివ్వకూడదని అమ్మ పొద్దుటి నుంచీ తంటాలు పడుతోంది. పెద్దనాన్న తీసుకొచ్చి నట్టింట్లో ఎదురెదురుగా నిలబెట్టాడు. నా పిడికిలి అబ్బాయి నుదుటి దాకా వెళ్ళింది. అతని పిడికిలి నా మోచేతి దగ్గరే ఆగిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇగ పో బాబు, లోపలికి పో."

అబ్బాయి నా చేతి కింద నుంచి దూరి, సరిగ్గా నా ముందు లేచాడు. నాకు సిగ్గుతో ముఖం కందిపోయింది.

"సూసినవా, పోయినవ్ గద" అన్నాడు పెద్దనాన్న.

"పోయిన మామయ్య. కాని ఆమె కొట్టలే."

ఇక అయిపోయింది నా పెళ్ళి అనుకున్నాను. పెద్దనాన్న అతన్ని కాసేపు చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"గిన్నేండ్లకు నాకు తగిన జోడు దొరికిండు. నా ఇంటికొచ్చినోళ్ళంత పాతోడే అంటరు. ఎవలు నేర్పి తోలుతున్నరో నాకెరుకలేదా?" అని నన్ను ఓరగా చూసి, నాన్నతో "ముహూర్తం పెట్టియ్యి" అన్నాడు.

పెళ్ళిలో తలంబ్రాలకు ఇద్దరం లేచి నిలబడ్డాక నా చేతులకు ఎదురేముంది? దోసిళ్ళకు దోసిళ్ళు మా ఆయన నెత్తిన గుమ్మరించాను. ఆయనవి నా భుజాల దాకానే వచ్చాయి. ముందు వరుస కుర్చీలోంచి పెద్దనాన్న అరవసాగాడు. "లోపలికి పో బాబు, లోపలికి పో."

మా ఆయన ఒక అడుగు ముందుకొచ్చాడు. నేను కాస్త తల వంచాను. ఆ దోసిలి బియ్యమంతా నా నడినెత్తి మీద పడింది.

"పాతోడే గెలిచిండు" అని పెద్దనాన్న ఆ రోజు ఫంక్షన్ హాల్లో అందరికీ అల్లుణ్ణి చూపించి చెప్పాడు. ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతూనే ఉంటాడు. బాక్సింగ్ విషయంలో ఆయనతో అడుగడుగునా తగవులాడే మా ఆయన, ఆ ఒక్క మాటకు మాత్రం ఎదురు చెప్పకుండా నా వైపు చూస్తాడు.