జంపక్క గుడిసెకు ఎత్తు అక్షరాలు

దమ్మపేట నుంచి సత్తుపల్లి దాకా తాపీమేస్త్రి ముత్యాలు పెట్టిన అక్షరాలు చాలా ఇళ్ల మీద ఉన్నాయి. ఆ వైపు క్రైస్తవులు కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకుంటే గుమ్మం పైన "దేవుని దీవెన" అని సిమెంటుతో ఉబ్బెత్తుగా నిలిచే ఎత్తు అక్షరాలు పెట్టించుకుంటారు. ముత్యాలు గోడకు చిన్న మేకులు కొట్టి, వాటి చుట్టూ ఇసుక, సిమెంటు కలిపిన మాలు అద్ది, తడి కుంచెతో అంచులు దిద్దితే అచ్చు పోసినట్టుండేవి. ఈ అక్షరాల పని మాత్రం ఒకరి దగ్గర నేర్చుకున్నది కాదు. ఆ మాటకు అర్థమేమిటని ఆలోచించిందీ లేదు.

తను కట్టుకున్న కొత్త స్లాబు ఇంటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

బాటకు అవతల, సరిగ్గా ఎదురుగా, జంపక్క గుడిసె. ముత్యాలు పని నేర్చుకునే రోజుల్లో అతనికి మాలు తట్టలు అందించింది ఆమే. మందిరం ఊడ్చేది ఆమె, ఉపవాస ప్రార్థన తప్పనిది ఆమె. భర్త కిడ్నీల జబ్బు ఉన్నదంతా ఊడ్చుకుపోయింది, చివరికి మనిషీ దక్కలేదు. ఇప్పుడు ఎండాకాలం బీడీల తునికాకు కోస్తుంది, మిగతా రోజులు కూలికి పోతుంది.

పాస్టరు సుబ్బరత్నం అయ్యగారు ఈ మధ్య ప్రసంగంలో ముత్యాలును చూపించడం మొదలుపెట్టాడు. "నమ్మకంగా ఉన్నోళ్లను దేవుడు పైకి లేపుతాడు. మన మేస్త్రిని చూడండి." మొదటిసారి ముత్యాలు పొంగిపోయాడు. రెండోసారి, ముందు వరుస చాప మీద కూర్చుని "ఆమెన్" అంటున్న జంపక్క కనిపించింది. నమ్మకంగా ఉన్నందుకే తనకు ఇల్లొస్తే, ఆమెకెందుకు రాలేదు? నమ్మకంతో పనిలేకుండా వచ్చిందంటే, దాన్ని దీవెన అని గోడకెక్కించడం దేనికి? పైగా అదే అయ్యగారు ఇంకో వారం, ఆస్తి పెరిగినవాడికి పరలోకం దూరమన్నాడు. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నాయట.

భార్య వనజకు ఇదంతా విసుగు. "ఆదివారం కొత్తింటి ప్రార్థన. ఊరందరికీ రాసినవ్, మన కాడికొచ్చేసరికి చేతులు పడిపోయినయా?"

"ఎదురుంగ అక్క ఉంది గద. లేస్తే అదే చూడాలె ఆమె."

"ఇల్లు కట్టి సిగ్గుపడేటోన్ని నిన్నే చూస్తున్న."

శుక్రవారం పొద్దున ముత్యాలు గుమ్మం పైన గోడ నున్నగా దిద్దుతుంటే జంపక్కే వచ్చి పరంజా కింద నిలబడింది.

"తమ్మీ, మాలు మిగుల్తదా?"

"ఏం పనక్కా?"

"నా గుడిసెకు గూడ రాయి. గదే, దేవుని దీవెన."

ముత్యాలు తాపీ ఆపి ఆమె ముఖం చూశాడు. నవ్వు లేదు, కోపమూ లేదు. "ఎక్కిరిస్తున్నవా అక్కా?"

"ఎక్కిరించేదుంటే మెట్లు గూడ కట్టమందును. నాకేం తక్కువైందిరా, రాయనంటవ్?"

ఏం తక్కువైందో ఆమె గుడిసె మీద కప్పిన చిరిగిన బరకమే చెబుతోంది. "మట్టిగోడకు సిమెంటు పట్టదు, ఊడి పడ్తది," అన్నాడు. అది నిజమే.

"పట్టేటట్టు చెయ్యి. మేస్త్రివి గద."

ఆ రోజే చెక్కలతో చట్రం కట్టి, లోపల ఇనుప జాలీ వేసి, సిమెంటు బిళ్ల పోశాడు. దాని మీద అక్షరాలు దిద్దాడు. గోడ మీద పెట్టేదానికన్నా శ్రద్ధగా దిద్దాడు. ఆమె మెచ్చుకోలు కోసమా, తన మనసు నెమ్మదించడానికా, అతనికే తెలియలేదు. శనివారం సాయంత్రం దాన్ని ఆమె గుమ్మం పక్కన రెండు రాళ్ల మధ్య నిలబెట్టాడు. తర్వాత తన పరంజా ఎక్కాడు. కలిపిన మాలు గట్టిపడేదాకా గోడ ముందు నిలబడి, దిగొచ్చి పరంజా విప్పేశాడు.

ఆదివారం అయ్యగారు గుమ్మం పైన ఖాళీ గోడ చూసి, వెనక్కి తిరిగి గుడిసె చూశాడు. "ఏంది మేస్త్రీ, అక్షరాలు బాట దాటినయ్?" అందరూ నవ్వారు. పాటలయ్యాక అయ్యగారు మళ్లీ అతని వైపు తిరిగాడు. "లేచి సాక్ష్యం చెప్పు ముత్యాలూ. దేవుడు నిన్నెందుకు ఇంతగ దీవించిండో చెప్పు."

ముత్యాలు లేచాడు. జంపక్క అతని ఇంటి గడప దగ్గరే కూర్చుని ఉంది.

"నేను కష్టపడ్డ. ప్రార్థన చేసిన. అక్క గూడ గంతే చేసింది. నాకు ఇల్లొచ్చింది, ఆమెకు రాలే. ఎందుకో నాకు తెల్వదు అయ్యగారూ." కూర్చున్నాడు.

వనజ తల వంచుకుంది. అయ్యగారు గ్రంథం తెరిచి, రెండు పేజీలు తిప్పి, మూసేశాడు. "ఆమెన్," అంది జంపక్క, ఎప్పుడూ అనే గొంతుతోనే. అయ్యగారు కూడా ఆమెన్ అన్నాడు.

భోజనాలయ్యాక వనజ అడిగింది. "మరి మన గోడ మీద ఏం రాస్తవ్?"

"తెల్వదు," అని చెంబుతో నీళ్లు తీసుకుని బాట దాటాడు. కొత్త సిమెంటును తడపకపోతే బీటలు వారుతుంది. అతను బిళ్ల మీద నీళ్లు పోస్తుంటే, అప్పటికే వచ్చి తన గుమ్మంలో కూర్చున్న జంపక్క కాళ్లు పక్కకు జరుపుకుంది.

"ఒంకర లేకుండ రాసినవా? నాకు చదువు రాదు, నీ మాటే నమ్మాలె."

"సక్కగనే ఉందక్కా."

"అయితే ఇంకో చెంబు పొయ్యి."